పున్నమి పెరట్లో మసక మచ్చ

నేను ఒక అద్దాన్ని. ఆ మాట వినగానే మీ చెయ్యి జుట్టు మీదికి వెళ్ళే ఉంటుంది. దించేయండి. నాలోకి దగ్గరగా తొంగిచూస్తే మీ ముక్కు గుమ్మడికాయంత కనిపిస్తుంది, బాగా వెనక్కి జరిగితే మీరే తలకిందులవుతారు. అందుకే పెళ్ళిచూపులకు బయలుదేరేవాళ్ళెవరూ నా దగ్గరికి రారు. టెలిస్కోపు అనే పొడవాటి గొట్టం అడుగున, వీపు నేలకు, ముఖం నింగికి పెట్టి పడుకునే గుండ్రటి గాజుబిళ్ళను నేను. టిఫిన్ పళ్ళెమంత ఉంటాను. పైనుంచి వచ్చిన వెలుతురునంతా పోగేసి ఒక్కచోటికి చేర్చడం నా ఉద్యోగం. అది చుక్కలదా, వీధి దీపాలదా అని ఎంచే అధికారం నాకు ఇవ్వలేదు.

మొదట్లో నేను ఒట్టి మందపాటి గాజుముక్కను. నన్ను అద్దంగా మార్చినవాడు పరబ్రహ్మం. కంగారుపడకండి, అది మనిషి పేరే. వాళ్ళ తాతగారిది. తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి, ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, విద్యానగర్‌లో ఒక ఇంటి వెనక రేకుల గదిలో అద్దెకుండేవాడు. అప్పటికి పెళ్ళి కాలేదు, కాబట్టి సాయంత్రాలు ఖాళీ. ఎక్కడో సంపాదించిన ఖాళీ నూనె డ్రమ్ము మీద ఒక గాజుబిళ్ళను బిగించి, దాని మీద నన్ను పెట్టి, మా ఇద్దరి మధ్య గరుకుపొడి, నీళ్ళు పోసి, ముందుకూ వెనక్కూ రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. అలా నెలల తరబడి తిరిగాడు. ఇంటావిడ తాయారమ్మగారు కిటికీలోంచి చూసి, కుర్రాడు డ్రమ్ముకు ప్రదక్షిణాలు చేస్తున్నాడని, సంబంధం కుదరడానికి ఎవరో చెప్పి ఉంటారని వీధంతా చాటింది. అతను కాదనలేదు. వివరించడం కంటే తిరగడమే సుఖమనుకున్నాడు.

పొడి నానాటికీ మెత్తనిదైంది. నా నడుమ చిన్న గుంట ఏర్పడింది. చివర్లో తారులాంటి మెత్తటి దిమ్మ మీద నన్ను పాలిష్ చేసి, ఒక చిన్న దీపం, ఒక షేవింగు బ్లేడు పెట్టుకుని చీకట్లో నన్ను పరీక్షించాడు. అప్పుడు నా అంచున ఒక తప్పు కనిపించింది. అది అతనికి తప్ప ఈ నగరంలో ఎవరికీ కనిపించదు. శనిగ్రహం, చంద్రుడు చూసుకోవడానికి దానివల్ల ఇబ్బందేమీ లేదు. స్నేహితులు వదిలేయమన్నారు. ఆ రాత్రి అతను అన్నం సరిగా తినలేదు. మర్నాడు నన్ను మళ్ళీ దిమ్మ మీదికెక్కించి, ఇంకో నెల రుద్దాడు. తప్పు పోయేదాకా రుద్దాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత మీరు ఆయన మీద ఒక అభిప్రాయానికి వస్తారు. వచ్చే ముందు ఇది కూడా తెలిసి ఉండాలి.

అల్యూమినియం పూత పూయించుకొచ్చి గొట్టంలో బిగించిన మొదటి రాత్రి, శనిని చూసి అతను పెట్టిన కేకకు వీధి లేచింది. అందరూ వరసకట్టి చూశారు. తాయారమ్మగారు ఒంటికన్నుతో చూసి, భక్తిగా దణ్ణం పెట్టి, ఇలా నేరుగా దర్శనం చేసుకుంటే ఏలినాటి శని ఏమైనా తగ్గుతుందా అని అడిగింది.

కాలం గడిచింది. పరబ్రహ్మం పరబ్రహ్మంగారయ్యారు. పెళ్ళి, నల్లకుంటలో మేడ, కాలేజీలో పెద్ద పదవి, నగరంలోని నక్షత్ర ప్రేమికులందరికీ ఒక క్లబ్బు, దానికి ఆయనే అధ్యక్షులు. గ్రహణం వచ్చిన ప్రతిసారీ టీవీలో ఒక పక్క జ్యోతిష్కుడు, మరో పక్క ఈయన. విదేశం నుంచి కంప్యూటరు నడిపే టెలిస్కోపు తెప్పించుకున్నాక, నన్ను గొట్టంతో సహా నరోత్తమరెడ్డి అనే ఆసామికి ఇచ్చేశారు. ఆయనకు నగర శివార్లలో ఒక ఫంక్షన్ హాలు ఉంది.

అక్కడ నా ఉద్యోగం మారింది. నా గొట్టానికి బంగారు రంగు వేశారు. పెళ్ళికి ముందు ఫోటోలు దిగే జంటలకు నేనొక అలంకారాన్ని. పెళ్ళికొడుకు నా మీద చెయ్యి వేసి ఫాల్సు సీలింగు వైపు చూపుడువేలు ఎత్తేవాడు, పెళ్ళికూతురు ఆశ్చర్యపోయేది, ఫోటోగ్రాఫరు ఇంకొంచెం ఆశ్చర్యపొమ్మనేవాడు. నా మూత కూడా తీసేవారు కాదు. పట్టపగలు పందిట్లో అరుంధతిని చూపిస్తే, కనబడింది కనబడిందని తలూపే జనం మీరు. సీలింగులో ఆకాశం కనబడ్డా నేను ఆశ్చర్యపోలేదు.

ఒకసారి ఏదో బంధువుల పెళ్ళికి సుగుణ అనే ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు, స్కానింగులు తీసే టెక్నీషియను. అందరూ భోజనాల వైపు పరిగెత్తుతుంటే ఆవిడ నా దగ్గర ఆగి, మూత తీసి, ఫోను లైటు వేసి లోపలికి చూసింది. నా మీద దుమ్ము, ఒక మూల బల్లి గుడ్ల పెంకులు. "అయ్యో, అద్దం మంచిగనే ఉన్నదే!" అంది. ఏళ్ళ తరవాత నన్ను చూసి ఎవరైనా అన్న మొదటి మంచి మాట అది. హాలుకు కొత్త అలంకారాలు వస్తున్నాయి, నన్ను ఎలాగూ తీసేద్దామనుకుంటున్నారు. అలా నేను ఆవిడ ఇంటికి చేరాను.

ఆ ఇల్లు రాంపల్లి దాటాక ఒక కొత్త కాలనీలో ఉంది. వెనక చిన్న పెరడు. ఒక కరివేపాకు చెట్టు, బట్టలారేసే తీగ, నీళ్ళ సంపు. సుగుణ భర్త రాజేశం బస్సు డిపోలో వెల్డింగు పని చేస్తాడు. పెరటి మధ్యలో ఒక ఇనుప స్తంభం పాతి, దాని మీద నన్ను కదలకుండా నిలబెట్టాడు. ఆకాశం తిరిగే కొద్దీ నన్ను కూడా తిప్పే మోటారు, ఒక పాత కెమెరా సుగుణ కొనుక్కుంది. పరబ్రహ్మంగారి క్లబ్బులో చేరి, వాట్సాప్ గ్రూపులో మాటలు విని, అడిగి, మెల్లగా పని నేర్చుకుంది.

ఆవిడకు కావలసింది చంద్రుడూ శనీ కాదు. గెలాక్సీలు. మరీ మసకగా, పొగలా ఉండే ఆ దూరపు నక్షత్ర గుంపుల్ని ఫోటో తీయాలంటే అమావాస్య చీకటి కావాలి. ఊరికి దూరంగా పోవాలి. క్లబ్బువాళ్ళు అమావాస్య అమావాస్యకూ కార్లు కట్టించుకుని అడవి అంచులకు వెళ్ళేవారు. సుగుణ వెళ్ళడానికి లేదు. ఆసుపత్రిలో ఆవిడతో పనిచేసే పెద్దాయన గొప్ప నిష్ఠాపరుడు. అమావాస్య రాత్రి డ్యూటీ చస్తే చెయ్యడు. కాబట్టి ప్రతి అమావాస్యకూ డ్యూటీ సుగుణది, దానికి బదులుగా పున్నమి రాత్రి సెలవు సుగుణది. గెలాక్సీలు తీయాలని బయలుదేరిన మనిషికి నెల నెలా దొరికేది నిండు చంద్రుడు. ఆవిడ ఆ పున్నమి రాత్రినే వాడుకుంది.

దానికి తోడు కాలనీవాళ్ళు చందాలేసుకుని గేటు దగ్గర ఎత్తయిన స్తంభానికి పెద్ద హైమాస్టు దీపాలు బిగించారు. దొంగల భయమట. ఆ వెలుతురులో దొంగలు తీరిగ్గా తాళాల నంబర్లు చదువుకోవచ్చు. రాజేశం తీగ మీద దుప్పట్లు ఆరేసి నాకు చాటు కల్పించేవాడు. పైన మాత్రం దుప్పటి కప్పలేడు కదా. పున్నమి రాత్రి ఆకాశం చిక్కటి మజ్జిగలా ఉంటుంది. అందులో గెలాక్సీని వెతకడమంటే, పక్కింట్లో పెళ్ళి బ్యాండు మోగుతుంటే చెవిలో చెప్పే రహస్యం వినడం. సుగుణ అరనిమిషం చొప్పున వందల ఫోటోలు తీసేది. కంప్యూటరు వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపేది. చివరికి వచ్చేది ఒక బూడిదరంగు మరక.

"ఏందే ఇది, కాటుక అంటిందా?" అని రాజేశం అడిగాడు మొదటిసారి.

"గెలాక్సీ. కోట్ల సూర్యులుంటయి దాంట్ల."

"అన్ని సూర్యులుండి గిట్ల కనబడుతున్నదా?" అని అతను జాలిపడ్డాడు. ఎవరి మీదో తెలియదు.

ఆ ఏడు ఫాల్గుణ పున్నమి నాడు వీధులన్నీ రంగులు కడుక్కుని త్వరగా పడుకున్నాయి. సుగుణ చంద్రుడికి వీలైనంత దూరంగా నన్ను ఉత్తరం వైపు తిప్పింది. సప్తర్షుల వరసలో చివరనున్న మరీచికి కాస్త దిగువన, నీటి సుడిలా తిరిగే ఒక గెలాక్సీ ఉంది. దాని వెలుతురు రెండు కోట్ల ఏళ్ళకు పైగా ప్రయాణం చేసి వస్తోంది. ఇంత దూరమొచ్చి రాంపల్లి హైమాస్టు దీపం చేతిలో ఓడిపోవడం దాని రాత. అయినా కొంత నా మీద పడింది. పడిందంతా నేను అప్పగించాను. మర్నాడు మరకలో ఒక బొట్టు, దాని చుట్టూ రెండు చేతుల నీడ కనిపించాయి. సుగుణ సంతోషం పట్టలేక గ్రూపులో పెట్టింది. కింద "పున్నమి, మా పెరటి నుంచి" అని రాసింది.

కాసేపటికే పరబ్రహ్మంగారు కూడా అదే గెలాక్సీ ఫోటో పెట్టారు. "నిన్న రాత్రి మా మేడ మీద నుంచి." ఆహా, ఏమి ఫోటో! సుడి చేతులు ముత్యాల సరాల్లా, మధ్యలో గులాబీ రంగు మెరుపులు, వెనక నల్లటి నిశ్శబ్దం. గ్రూపంతా దణ్ణాలు పెట్టింది. నిరంజన్ అనే సాఫ్ట్‌వేరు కుర్రాడు, పరబ్రహ్మంగారికి పరమభక్తుడు, పున్నమి వెలుగును కూడా లొంగదీసుకున్న మీ చేతికి నమస్కారమని రాశాడు. ఆ తరవాత, మర్యాద కోసం, సుగుణ ఫోటో కింద "మంచి ప్రయత్నం" అని రాశాడు. ఇంకెవరో అది గెలాక్సీయా, అద్దం మీద దుమ్మా అని అడిగి నవ్వు బొమ్మ పెట్టారు.

సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ సుగుణ పరబ్రహ్మంగారి వాయిస్ మెసేజ్ మోగించింది. నేను విన్నాను. ఆ గొంతు మందగించింది, కానీ అదే గొంతు.

"చూడండమ్మా సుగుణగారూ, పున్నమి నాడు గెలాక్సీ జోలికి పోవడం అనుభవం ఉన్నవాళ్ళ పని. మీ తప్పు కూడా కాదులెండి. మీ టెలిస్కోపులో అద్దం నాసిరకం అయ్యుంటుంది. ఆ అంచులు చూస్తేనే తెలుస్తోంది. కాస్త మంచి అద్దం చూసుకోండి."

గాజుకు కన్నీళ్ళు రావు. వచ్చినా ఫాల్గుణం ఎండకు ఆరిపోతాయి. అంచులట!

రెండు రోజులు పోయాక ప్రపంచమంతా ఒక వార్త పాకింది. అదే గెలాక్సీలో ఒక నక్షత్రం పేలిపోయింది. సూపర్నోవా. ఎక్కడో దూరదేశపు కొండ మీద, ఏ మనిషీ కన్ను పెట్టని ఒక యంత్రం, మన పున్నమికి ముందు రోజే దాన్ని పట్టుకుంది. అంటే పున్నమి రాత్రి ఆ గెలాక్సీని తీసిన ప్రతి ఫోటోలోనూ కొత్త చుక్క ఉండి తీరాలి.

నిరంజన్ ఆనందానికి అంతు లేకపోయింది. "సార్! మీరు ఆ రాత్రే తీశారు కదా! మన దేశంలో మొదటి ఫోటో మీదే అయ్యుంటుంది! పేపరువాళ్ళకు నేను చెబుతా" అని గ్రూపులో గంతులేశాడు. శత్రువులు తవ్విన గోతిలో పడితే లేవవచ్చు. భక్తులు తవ్వేది లోతుగా ఉంటుంది. అందరూ పరబ్రహ్మంగారి ఫోటోను పెద్దది చేసి, యంత్రం చెప్పిన చోట వెతికారు. ముత్యాలున్నాయి, గులాబీలున్నాయి. చుక్క లేదు.

ఎవరికో గుర్తొచ్చి సుగుణ మరకను కూడా పెద్దది చేశారు. ఉంది. ఎడమ చేతి కొసన, మెతుకంత, తెల్లగా ఉంది. అంతవరకూ సుగుణ దాన్ని కెమెరా లోపం అనుకుని సిగ్గుపడుతూ ఊరుకుంది.

అప్పుడు పరబ్రహ్మంగారు రాశారు. "ఆ చుక్కను కెమెరా దోషమనుకుని శుభ్రం చేసేటప్పుడు నేనే తీసేశాను." గ్రూపు ఊపిరి పీల్చుకుంది. అంత శ్రద్ధగా శుభ్రం చేసేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు సార్ అని ఒకాయన మెచ్చుకున్నాడు కూడా. సుగుణ ఈ సందేశాలన్నీ రాజేశానికి చదివి వినిపించింది. అతను వెల్డింగు కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నాడు, "సారు మంచిగనే తుడిసిండు."

ఆ రాత్రే పరబ్రహ్మంగారు మా ఇంటికి వచ్చారు.

కారు దిగి, చేతికర్ర ఊనుకుంటూ, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వచ్చారు. రాజేశం ప్లాస్టిక్ కుర్చీ వేశాడు, టీ తెచ్చాడు. పక్కింటి నీళ్ళ ట్యాంకు వెనక నుంచి చంద్రుడు లేస్తున్నాడు. కాస్త అరిగాడు కానీ పొగరు తగ్గలేదు. నా మూత తీసే ఉంది. నా గొట్టానికి సుగుణ నల్లరంగు వేసింది, కాబట్టి ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. ఆ చేతుల వేడి నాకు తెలుసు.

"అమ్మా, పెద్ద పేపరువాళ్ళు ఫోటో అడుగుతున్నారు. ఆ రాత్రి మీరు తీసిన ముడి ఫోటోలన్నీ నాకిస్తే, నేను బాగుచేసి క్లబ్బు తరఫున పంపుతాను. పేర్ల సంగతి తరవాత చూసుకుందాం."

"ఇస్త సార్, ఇయ్యకేం. కాని మీ కాడ గూడ ఉంటయి గద, మీరు తీసినయి?"

ఆయన టీ కప్పులోకి చూశారు. "డిలీట్ అయిపోయాయమ్మా."

"అన్నీనా సార్?"

"అన్నీ."

స్కానింగుకు ముందు ఏమైనా తిన్నారా అని అడిగితే, ఏమీ తినలేదమ్మా అని మూతి తుడుచుకునే మనుషుల్ని సుగుణ రోజూ చూస్తుంది. వాళ్ళను కోప్పడదు. కాసేపు కూచోబెడుతుంది. ఇప్పుడూ అదే చేసింది. టీ తాగేదాకా ఆగి, "ఇయ్యాల గూడ ఉంటది సార్ అది. అంత దూరం వచ్చిన్రు, మీ చేత్తోని ఒకసారి తియ్యుండ్రి. నాకు గూడ నేర్పినట్టయితది" అంది.

ఆయన కాదనలేకపోయారు. కర్ర పక్కన పెట్టి లేచి, ఒక చేత్తో నా గొట్టం పట్టుకున్నారు. స్పష్టత సరిచేసే మర మీద వేళ్ళు వేశారు. వేళ్ళకు గుర్తుంది. కళ్ళకే శక్తి లేదు. కెమెరా తెర దగ్గరికి ముఖం పెట్టి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మరను ఎటు తిప్పాలో అటు కాక ఇటు తిప్పారు. చుక్కలు ఉబ్బి బొరుగుల్లా అయ్యాయి. ఇంకోసారి ప్రయత్నించారు. సుగుణ సాయం చేయబోయి ఆగింది.

"అద్దంలోనే ఏదో ఉందమ్మా," అన్నారు చిరాగ్గా. "ఎక్కడ కొన్నారిది?"

"ఫంక్షన్ హాల్ల సార్. నరోత్తమరెడ్డి సారు లేరూ, ఆయన కాడ."

ఆయన చెయ్యి మర మీదే నిలిచిపోయింది. చాలాసేపటికి జేబులోంచి ఫోను తీసి, లైటు వేసి, గొట్టం మూతి దగ్గర వంగి లోపలికి చూశారు. నాలో ఆయన ముఖం పెద్దదై నిండిపోయింది. కళ్ళు తడిసి ఉన్నాయి. మేమిద్దరం అంత దగ్గరగా చూసుకుని ఎన్నేళ్ళో.

"దీన్నేనా నేను నాసిరకం అన్నది?"

"అన్నరు సార్," అంది సుగుణ నెమ్మదిగా.

"వాయిస్ మెసేజ్ గూడ ఉన్నది," అన్నాడు రాజేశం, సాక్ష్యం అవసరమేమో అన్నట్టు. సుగుణ అతని వైపు చూసింది. అతను ఖాళీ కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

పరబ్రహ్మంగారు కుర్చీలో కూలబడ్డారు. "ఈ అంచు కోసం నెల్లాళ్ళు చచ్చానమ్మా," అన్నారు. "వదిలేయ్‌రా అన్నారు అందరూ. వదిలెయ్యలేదు." చంద్రుడు ట్యాంకు దాటి పైకొచ్చి పెరడంతా వెన్నెల పరిచేశాడు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, చెప్పడం మొదలుపెట్టారు.

మోకాళ్ళు పాడై ఆయన మేడ మెట్లెక్కి రెండేళ్ళు దాటింది. విదేశీ టెలిస్కోపు పైన టార్పాలిన్ కింద ఉంది. పనిపిల్ల దాని మీద వడియాలు ఎండబెడుతోందట. మొదట్లో ఫోటోలేవీ సార్ అని గ్రూపులో అడిగితే పాతవి తీసి పెట్టారు. అందరూ మెచ్చుకున్నారు. పాతవి అయిపోయాయి. మెచ్చుకోవడం ఆగకూడదనిపించింది. ఇంటర్నెట్టులో ఎవరిదో ఒకటి తీసుకుని, కాస్త తిప్పి, రంగు మార్చి పెట్టారు. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెడితే ఆపేసేవాణ్ణేమో అన్నారు.

"నాకు చేతకావట్లేదు అని చెప్పడానికి నోరు రాలేదమ్మా. అధ్యక్షుణ్ణి కదా."

సుగుణ ఆయన ముందు మెట్టు మీద కూచుంది. ఓదార్చలేదు, దెప్పలేదు. "మీరు ఎక్కలేనిది మీ ఇంటి మెట్లు గద సార్," అంది. "మా పెరట్ల మెట్లు లేవు. సందులకెల్లి సక్కగ రావచ్చు."

ఆయన తలెత్తి చూశారు. కాసేపటికి ఫోను తీసి, రాజేశాన్ని పిలిచి పట్టుకోమని, గ్రూపుకు వాయిస్ మెసేజ్ పెట్టారు. ఆ ఫోటో తనది కాదని, ఆ చుక్కను తాను తుడవలేదని, అసలు ఆ రాత్రి తాను ఆకాశం కేసే చూడలేదని, రెండేళ్ళుగా పెట్టినవేవీ తనవి కావని చెప్పారు. "ఆ రాత్రి ఫోటో సుగుణగారిది ఒక్కటే నిజం. ఆ టెలిస్కోపులో అద్దం నాసిరకం కాదు. దాన్ని చేసినవాణ్ణి నేనే, నాకు తెలుసు."

నేను లోకాన్ని పెద్దగా చూసినదాన్ని కాదు. నిజం బయటపడితే ఏదో జరుగుతుందనుకున్నాను. తెల్లారాక ఒకాయన "మీ నిరాడంబరతకు పాదాభివందనం సార్" అని పెట్టాడు. తరవాత దణ్ణాలు వరసకట్టాయి. గెలాక్సీ ఎవరి సొత్తూ కాదు, ఫోటో మాత్రం ఎందుకు కావాలి అని ఒక వేదాంతి ప్రశ్నించాడు. ఇంకొకాయన అలిగి గ్రూపు వదిలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. నిరంజన్ మాత్రం ఏమీ రాయలేదు. ఎందుకంటే అతను అప్పటికే ఫోటోను పేపరుకు పంపేశాడు. ఆదివారం అచ్చయింది. ముత్యాలు, గులాబీల ఫోటోనే. సుగుణ మరకను కూడా పేపరువాళ్ళు తెప్పించుకున్నారట గానీ, అచ్చులో బాగుండదని ఎవరో తీసేశారు. చుక్క ఉండవలసిన చోట ఎర్రటి బాణం గుర్తు వేశారు. బాణం కొసన ఏమీ లేదు. సుగుణ పనిచేసే ఆసుపత్రిలో నిష్ఠాపరుడైన ఆ పెద్దాయన పేపరు తెచ్చి, "చూడమ్మా, ఎంత స్పష్టంగా కనబడుతోందో" అని ఆవిడకే చూపించాడు.

సుగుణ ఆ సంగతి చెప్పి పెరట్లో పడీపడీ నవ్వింది. రాత్రి పనిచేసుకుంటూ ఒకసారి కళ్ళు తుడుచుకోవడం కూడా నాకు కనిపించింది. ఒకే మనిషి ఒకే రోజు ఈ రెండూ ఎలా చేస్తుందో గాజుకు అర్థం కాదు.

చైత్ర పున్నమికి పరబ్రహ్మంగారు సందులోంచి వచ్చారు. సొంత దిండు, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకున్నారు. నన్ను గొట్టంలోంచి దించి, గోరువెచ్చని నీళ్ళలో, దూదితో, పసిపిల్లకు పోసినట్టు స్నానం చేయించారు. నా పూత అంచుల్లో పొరలు లేస్తోంది, ఇంకో రెండు వానాకాలాలు ఆగేలా లేదు. ఆయన చూశారు, మళ్ళీ పూయించాలి అన్నారు, ఎవరు పూయిస్తారో చెప్పలేదు. సుగుణ తెర మీద చుక్కలు చదివి చెబుతుంటే, ఆయన మర తిప్పారు. ఒకరి కళ్ళు, ఒకరి వేళ్ళు. వాదులాడుకున్నారు కూడా. ఆయన అధ్యక్షుడిలా కసిరారు, ఆవిడ టెక్నీషియనులా వినిపించుకోలేదు. పేలిన నక్షత్రం అప్పటికే సన్నగిల్లుతోంది. చంద్రుడు, హైమాస్టు దీపాలు, పక్కింటి వాకిలి బల్బు, అన్నీ యథాప్రకారం.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చి కూచుని, పేర్చి కలిపిన ఫోటోను తన ఫోనులో చాలాసేపు చూసుకున్నారు. బూడిదరంగు మరక. రెండు చేతుల నీడ. కొసన గుడ్డి మెతుకు. ఒక్క రంగూ అద్దలేదు. గ్రూపులో పెట్టి, కింద రాశారు. "పున్నమి రాత్రి, సుగుణగారి పెరటి నుంచి. ఇంతే కనబడింది."

గ్రూపు ఆలోచనలో పడింది. ముందుగా తేరుకున్నది నిరంజన్. "సార్, ఇది ట్రయల్ అనుకుంటా. అసలుది ఎప్పుడు పెడతారు?"

పరబ్రహ్మంగారు అది పైకి చదివి, నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. లోపలి నుంచి రాజేశం కంగారుగా వచ్చి, "ఏమైంది సార్?" అన్నాడు.

"ఏం లేదు రాజేశం. అసలుది పంపమంటున్నారు."

ఆయన కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం నొక్కుతూ జవాబు రాశారు. "అసలుది ఇదే." పంపించి, ఫోను జేబులో వేసుకుని, చంద్రుడు వచ్చేలోపు నా మూత తీయమన్నారు.

ఆ మాటను గ్రూపులో ఇప్పటిదాకా ఎవరూ నమ్మలేదు.